చెమటకు ఆగే మైకు ఏది? ఫిట్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్ల కోసం వైర్‌లెస్ హెడ్‌సెట్ పోలిక

మా ఇంట్లో బీరువా కింది సొరుగులో నాలుగు చచ్చిన హెడ్‌సెట్లు ఉన్నాయి. పారేయబుద్ధి కాలేదు. ఒక్కోటి ఎలా పోయిందో చూసుకుంటే తర్వాతది కొనేటప్పుడు పనికొస్తుందని దాచాను. మూడోదాని పిన్ను విప్పి చూస్తే లోపల తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, దాని పక్కనే పచ్చగా చిలుము. ఆ ఉప్పు నా చెమటే. కూకట్‌పల్లి వైపు ఒక స్టూడియోలో పొద్దున రెండు బ్యాచ్‌లు, సాయంత్రం ఒకటి, స్టెప్ ఏరోబిక్స్, స్పిన్నింగ్ (కదలని సైకిల్ తొక్కే వ్యాయామం) చెప్తాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో కిందపడి పగిలిన మైకు ఒక్కటీ లేదు. అన్నీ తడిసి పోయినవే.

అందుకే మైకు గురించి ఎవరైనా అడిగితే నేను సౌండ్ క్వాలిటీ దగ్గర మొదలుపెట్టను. మాటను గాల్లోకి పంపే ట్రాన్స్‌మిటర్, స్పీకర్ దగ్గర దాన్ని అందుకునే రిసీవర్ ఫ్రిజ్ లాంటివి, ఒకసారి మంచివి కొని ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. తలకు పెట్టుకునే హెడ్‌సెట్ మాత్రం చెప్పుల లాంటిది. ఎంత ఖరీదైనది కొన్నా అరుగుతుంది, మార్చాలి. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఎక్కువ డబ్బు పెట్టినా ఏడుపే, తక్కువ పెట్టినా ఏడుపే.

అసలు మీకు మైకు కావాలా?

జుంబా చెప్పేవాళ్లు ముందు ఇది ఆలోచించుకోండి. ఆ క్లాసు నడిచే పద్ధతే సైగల మీద. వచ్చే స్టెప్పు వేలితో చూపిస్తాం, చేత్తో దిక్కు చెప్తాం, మిగతాది పాట చూసుకుంటుంది. పదిహేను మంది ఉన్న చిన్న గదిలో జుంబాకి మైకు దాదాపు అక్కర్లేదు. నేనైతే ఆ డబ్బు మంచి స్పీకర్ మీద పెడతాను.

స్టెప్ ఏరోబిక్స్ అలా కాదు. తర్వాతి కదలిక నాలుగు లెక్కల ముందే చెప్పకపోతే సగం మంది కుడికి, సగం మంది ఎడమకి పోతారు. స్పిన్నింగ్‌లో లైట్లు తగ్గిస్తాం, సైకిళ్ల రొద ఉంటుంది, అందరూ తల దించి తొక్కుతుంటారు. మీ చేతులు ఎవరు చూస్తారు? ఈ రెండు క్లాసులకీ మైకు సోకు కాదు, పనిముట్టు. యోగాలో కూడా తల కిందికి ఉన్న ఆసనంలో వాళ్లకి మీ గొంతే ఆధారం. కానీ అక్కడ సంగీతం తక్కువ, కాబట్టి మామూలు మైకు చాలు.

నేను మొదటి నాలుగేళ్లు మైకు లేకుండానే అరిచాను. ఒక ఏప్రిల్‌లో గొంతు బొంగురుపోయి, ఎంతకీ తిరిగి రాలేదు. డాక్టరు గారు లోపలికి కెమెరా పెట్టి చూసి, రెండు వారాలు మాట వద్దన్నారు, గుసగుస కూడా వద్దన్నారు. ఆ రెండు వారాల జీతం పెడితే మంచి వైర్‌లెస్ సెట్‌లో సగం వచ్చేది.

ఇంకో మాట. మైకు వచ్చాక అందరం చేసే మొదటి తప్పు, ‘ఇప్పుడు వినపడుతుందిగా’ అని పాట సౌండ్ పెంచేయడం. అమెరికాలో పనిచోట ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ లెక్క ప్రకారం చెవికి 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు పరవాలేదు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 94 దగ్గర ఒక గంట, 100 దగ్గర పావుగంట. క్లాసుకి వచ్చేవాళ్లు ఒక గంట ఉండి వెళ్లిపోతారు, మనం మూడు గంటలు అక్కడే ఉంటాం.

మార్కెట్లో దొరికేవి

అన్నిటికంటే చవక, నడుముకి చిన్న స్పీకర్ కట్టుకుని తలకి వైరు మైకు పెట్టుకునే రకం. ట్యూషన్ మాస్టార్లు, టూరిస్ట్ గైడ్లు వాడతారు కదా, అదే. పార్కులో పదిమంది పెద్దవాళ్లకి నడక, చిన్న చిన్న వ్యాయామాలు చెప్పేవాళ్లకి హాయిగా సరిపోతుంది. పాటతో పోటీ పడలేదు. పైగా గెంతితే నడుము మీద టపాటపా కొట్టుకుంటుంది.

తర్వాత బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, బ్లూటూత్ హెడ్‌సెట్లు. ‘నా దగ్గర ఉన్నదే స్పీకర్‌కి కలిపేస్తే పోలా’ అని అడుగుతారు. పోదు. బ్లూటూత్‌లో మాట మీ నోటి నుంచి స్పీకర్‌కి చేరడానికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. స్టెప్ క్లాసు పాటలు నిమిషానికి 130 బీట్ల దగ్గర ఉంటాయి, అంటే ఒక్కో బీటు 460 మిల్లీసెకన్లు. మీరు బీటు మీద ‘పైకి’ అంటే, స్పీకర్లోంచి అది పావు బీటో అర బీటో ఆలస్యంగా వస్తుంది. ముందు వరస మీ నోటిని విని కదులుతుంది, వెనక వరస స్పీకర్‌ని విని కదులుతుంది. మీ మాట మీకే వెనక నుంచి వచ్చి తగులుతుంటే నాలుక తడబడుతుంది.

వీడియోలు తీసేవాళ్లు వాడే చిన్న క్లిప్ మైకులు, రోడ్ వైర్‌లెస్ గో, డీజేఐ మైక్ లాంటివి మంచి వస్తువులే. ఆన్‌లైన్ క్లాసుకీ రీల్స్‌కీ వాటికి మించినవి లేవు. హాల్లో స్పీకర్‌కి కలిపితే మాత్రం కథ మారుతుంది. మైకు ఛాతీ మీద, నోటికి జానెడు దూరంలో ఉంటుంది, పైగా అన్ని వైపుల నుంచీ శబ్దం తీసుకుంటుంది. మీ గొంతు వినిపించేంత పెంచేలోపే స్పీకర్ కుయ్‌మని కూస్తుంది. గెంతినప్పుడల్లా టీషర్ట్ రాపిడి బరబరా వినిపిస్తుంది. రోడ్ వైర్‌లెస్ గోలో బయటి మైకు గుచ్చుకునే రంధ్రం ఉంది కాబట్టి, దానికి సరిపోయే హెడ్‌సెట్ తగిలిస్తే కొంత నయం.

ఆ పైన ఆన్‌లైన్‌లో 1,500 నుంచి 3,000 రూపాయల్లో కుప్పలుగా దొరికేవి. హెడ్‌సెట్‌లోనే ట్రాన్స్‌మిటర్, వేలెడంత రిసీవర్ నేరుగా స్పీకర్ మైకు రంధ్రంలో గుచ్చేస్తే సరి. కొత్తగా క్లాసులు మొదలుపెట్టినవాళ్లు, వారానికి రెండు మూడు క్లాసులు చెప్పేవాళ్లు ఇదే కొనండి. సిగ్గుపడాల్సిన పనిలేదు. కానీ దీని ఆయుష్షు తెలుసుకుని కొనండి. బ్యాటరీ లోపలే అతికి ఉంటుంది, అది పోతే మైకు పోయినట్టే. చెమట లోపలికి దిగితే మొత్తం పోయినట్టే. విడిగా మార్చడానికి ఏమీ ఉండదు.

సామ్సన్ ఎయిర్‌లైన్ రకం కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, అంటే ట్రాన్స్‌మిటర్ తల మీదే, నడుముకి పెట్టె ఉండదు. చాలా మెరుగైన వస్తువు, డాన్స్ చెప్పేవాళ్లకి మహా సుఖం. నేల మీద దొర్లే వ్యాయామాల్లో నడుము కింద ఏమీ గుచ్చుకోదు. నా అభ్యంతరం ఒకటే. ఖరీదైన భాగం, చెమట పట్టే భాగం రెండూ ఒకటే అయిపోయాయి.

ఇక మిగిలింది అసలు సిసలు సెట్టు. నడుముకి బెల్ట్ ప్యాక్ (ట్రాన్స్‌మిటర్ ఉండే చిన్న పెట్టె), దానికి వైరుతో హెడ్‌సెట్, స్పీకర్ దగ్గర విడిగా రిసీవర్. మన దగ్గర అహూజా వాళ్లవి చవగ్గా దొరుకుతాయి. గుళ్లలో, స్కూళ్లలో చూసే ఉంటారు. రిపేరు చేసేవాళ్లు జిల్లాల్లో కూడా ఉండటం దాని బలం. పై మెట్టులో షూర్ బీఎల్‌ఎక్స్, సెన్‌హైజర్ ఎక్స్‌ఎస్‌డబ్ల్యూ లాంటివి. వీటికి హెడ్‌సెట్‌తో కలిపి 30,000 దాటుతుందనుకోండి. బీఎల్‌ఎక్స్ ప్యాక్‌లో రెండు మామూలు పెన్సిల్ సెల్స్ వేస్తే 14 గంటల దాకా వస్తాయని కంపెనీ చెప్తుంది. ఎక్కడైనా దొరికే సెల్స్‌తో నడవడం నాకు పెద్ద విషయం. బ్యాచ్ మధ్యలో సెల్ అయిపోతే కింద కిరాణా కొట్టుకి ఒకరిని పరిగెత్తిస్తే చాలు.

రోజుకి రెండు క్లాసుల కంటే ఎక్కువ చెప్పేవాళ్లు నేరుగా ఈ బెల్ట్ ప్యాక్ రకానికే వెళ్లండి. దీంట్లో హెడ్‌సెట్ పోతే హెడ్‌సెట్ ఒక్కటే పోతుంది.

పక్క గది గొంతు మన స్పీకర్లో

మా స్టూడియో పైఅంతస్తులో యోగా క్లాసు ఉండేది. ఇద్దరం ఒకే చవక రకం మైకు కొన్నాం, ఒకే దుకాణంలో, తెలియక. ఒక సాయంత్రం నేను స్పిన్నింగ్‌లో ‘ఇంకో ఎనిమిది! ఆపొద్దు! కాళ్లు విరగ్గొట్టండి!’ అని ఊపులో ఉంటే, పైన శవాసనంలో పడుకున్న ఇరవై మందికి అది స్పీకర్లో వినిపించింది. ఆవిడ పరిగెత్తుకుంటూ కిందికొచ్చింది. రెండు సెట్లూ ఒకే ఫ్రీక్వెన్సీ, మార్చుకునే మీట లేదు.

అందుకని ఛానెల్ మార్చుకునే వీలు లేని సెట్టు ఒకటికి మించి హాళ్లున్న చోట కొనొద్దు. ఇది ఖాయం.

మైకు నడిచే ఫ్రీక్వెన్సీల్లో 2.4 గిగాహెర్ట్జ్ మంచిదా, అంతకంటే కింద కొన్ని వందల మెగాహెర్ట్జ్‌లో ఉండే యూహెచ్‌ఎఫ్ మంచిదా అని అందరూ అడుగుతారు. 2.4కి ఎక్కడా లైసెన్స్ గొడవ లేదు, ఏ దేశం తీసుకెళ్లినా పనిచేస్తుంది. కానీ వైఫై, బ్లూటూత్ కూడా అక్కడే తిరుగుతాయి. ముప్పై మంది సభ్యులు, ముప్పై ఫోన్లు, సగం మందికి స్మార్ట్ వాచీలు, గోడకి రూటర్. పైగా ఆ తరంగాలకి మనిషి ఒళ్లు పెద్ద అడ్డు. మీరు వెనక్కి తిరిగితే ప్యాక్‌కీ రిసీవర్‌కీ మధ్య మీరే గోడ అవుతారు. షూర్ జీఎల్‌ఎక్స్‌-డి లాంటి ఖరీదైన 2.4 సెట్లు ఖాళీ చోటు వెతుక్కుని వాటంతటవే మారతాయి. చవకవి మాట మధ్యలో మింగేస్తాయి. యూహెచ్‌ఎఫ్ ఈ విషయంలో గట్టిది, నేను అదే వాడతాను. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో నడిచే పరికరాలకి లైసెన్స్ అక్కర్లేదు. కొనేటప్పుడు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ ఎంత రాసి ఉందో చదవండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావగారో ‘పాత షూర్ సెట్టు ఉంది, తెస్తాను’ అంటే ముందు ఆ అంకె అడగండి. అక్కడ 700 మెగాహెర్ట్జ్‌లో వైర్‌లెస్ మైకుల్ని 2010లోనే ఆపేశారు, 600 పట్టీలో చాలా భాగాన్ని 2020 జులైలో మూసేశారు. అలా పనికిరాకుండా పోయిన సెట్లే సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి దొరుకుతుంటాయి. ఇక్కడికి తెస్తే బాగుపడుతుందా అంటే, 700 మెగాహెర్ట్జ్‌ని మన దగ్గర 2022 వేలంలో ఫోన్ సిగ్నల్ కోసం జియో కొనుక్కుంది.

రిసీవర్‌ని యాంప్లిఫయర్ వెనకో అద్దం వెనకో దాచకండి. తల ఎత్తులో, మీకు కనిపించేలా పెట్టండి. నాకు మాట తెగే సమస్య సగం దీంతోనే పోయింది.

తల మీద ఉండేది

షూర్ బీఎల్‌ఎక్స్ సెట్‌తో మామూలుగా వచ్చే పీజీఏ31 హెడ్‌సెట్ మాట్లాడేవాళ్లకీ పాడేవాళ్లకీ బాగుంటుంది. ఒళ్లంతా తడిసే క్లాసుల కోసమే చేసినవి వేరే ఉన్నాయి. షూర్‌లోనే ఎస్‌ఎం31ఎఫ్‌హెచ్, ఆస్ట్రేలియా కంపెనీ ఫిట్‌నెస్ ఆడియో వాళ్ల ఏరోమైక్. వీటిలో మైకు గుళిక (శబ్దాన్ని పట్టే ముక్క) దగ్గర నీటిని అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది. ధర ఎక్కువ. రోజూ మూడు గంటలు తడిసేవాళ్లకి ఆ ధర గిట్టుబాటే. వారానికి మూడు గంటలైతే మామూలుది కొని, రెండోది స్పేర్‌గా పెట్టుకోవడం మేలు.

దుకాణాల్లో రెండు మాటలు వినిపిస్తాయి, కార్డియాయిడ్, ఆమ్ని. మొదటిది ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా తీసుకుంటుంది, రెండోది నాలుగు దిక్కులా వింటుంది. మీరు క్లాసు మధ్యలో దిగి స్పీకర్ల ముందు నుంచి నడిచి అందరి భంగిమలూ సరిచేసే రకమైతే కార్డియాయిడ్ తీసుకోండి, కూత తక్కువ. కానీ అది నోటి పక్క నుంచి కాస్త జరిగినా గొంతు పల్చబడిపోతుంది, కాబట్టి తలకి గట్టిగా పట్టి ఉండాలి. స్పీకర్ల వెనకే నిలబడి చెప్పేవాళ్లకి ఆమ్ని హాయి, కొంచెం జరిగినా పట్టించుకోదు.

ఏ రకమైనా మైకు పెదవుల ఎదురుగా పెట్టకూడదు. నోటి మూలకి ఒక వేలి మందం దూరంలో, ఊపిరి దారి నుంచి పక్కకి. దుకాణంలో పరీక్షించేటప్పుడు ‘హలో, చెక్, చెక్’ అని ఊరుకోకండి. ‘భుజాలు’, ‘పాదం పైకి’, ‘ఫాస్ట్ ఫాస్ట్’ అనండి. మన భ, ఫ, ప లకి మైకు బుస్సుమంటుందో లేదో అప్పుడే తెలుస్తుంది. తర్వాత ఒక పదిహేను గెంతులు గెంతండి. కోఠి గుజరాతీ గల్లీలో నేను గెంతితే దుకాణంలో ఉన్నవాళ్లంతా చూశారు. చూడనివ్వండి. రెండు చెవులకీ తగిలి, తల వెనక నుంచి పట్టీ ఉండే రకమే ఆగింది. ఒంటి చెవి రకం మూడో గెంతుకే బుగ్గ మీదికి జారింది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు జోడుతోనే ప్రయత్నించండి. జడ ముడి వేసుకునేవాళ్లు పట్టీ ముడి కింద సరిగ్గా కూర్చుంటుందో చూడండి.

పిన్ను గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. ఒక్కో కంపెనీది ఒక్కో పిన్ను. షూర్‌కి నాలుగు సూదుల చిన్న గుండ్రటి పిన్ను, సామ్సన్, ఏకేజీలకి మూడు సూదులది, సెన్‌హైజర్‌కి మర తిప్పి బిగించే 3.5 మిల్లీమీటర్లది. చూడటానికి ఒకేలా ఉండి లోపల వైర్లు వేరేగా ఉండేవి కూడా ఉంటాయి. ఎక్కువమంది వాడే పిన్ను ఉన్న ప్యాక్ కొంటే, రేపు హెడ్‌సెట్ మార్చాలన్నప్పుడు నాలుగు కంపెనీలవి వెతుక్కోవచ్చు. నా రెండో సెట్టు ప్యాక్, రిసీవర్ ఇప్పటికీ పనిచేస్తాయి. దాని పిన్నుకి సరిపోయే హెడ్‌సెట్ ఎక్కడా దొరకదు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

చెమట దారి

చెమట మైకు దగ్గర కంటే ఎక్కువగా వైరు వెంట దిగి చంపుతుంది. మెడ వెనక నుంచి వైరు పట్టుకుని జారుతూ నేరుగా ప్యాక్ పిన్నులోకి పోతుంది. నా సొరుగులోని నాలుగింటిలో మూడు అలాగే పోయాయి. ఒక టీవీ షో సౌండ్ అబ్బాయి చూపించిన చిట్కా చెప్తాను. ప్యాక్‌ని తలకిందులుగా, పిన్ను నేల వైపు ఉండేలా పౌచ్‌లో పెట్టాలి. వైరు కిందికి వచ్చి, ప్యాక్‌ని దాటి, ఒక చిన్న వంపు తిరిగి పైకి వెళ్లి గుచ్చుకోవాలి. చెమట ఆ వంపు అడుగున చుక్కగా నిలిచి రాలిపోతుంది. పైకి ఎక్కలేదు కదా. ఈ ఒక్క మార్పు తర్వాత నా ఇప్పటి హెడ్‌సెట్ ఏడాదిన్నరగా బతికే ఉంది.

క్లాసు అయ్యాక పిన్ను విప్పి, పొడి గుడ్డతో వైరంతా తుడిచి, స్పాంజ్ తీసేసి, మైకు కిందికి వేలాడేలా ఫ్యాను గాలికి ఒక గంట వదిలేస్తాను. హెయిర్ డ్రయ్యర్ వద్దు, వేడికి లోపలి పొర పాడవుతుంది. ఆరాక మూత బిగించే డబ్బాలో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు. తడి మైకుని బ్యాగులో పడేసి జిప్ వేయడమంటే ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టడమే. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అక్కడ గాలిలోనే తడి ఎక్కువ.

ఒకే సెట్టుని నలుగురు ఇన్‌స్ట్రక్టర్లు వాడే జిమ్ముల్లో ప్యాక్, రిసీవర్ ఉమ్మడిగా ఉండనివ్వండి. హెడ్‌సెట్ ఎవరిది వాళ్లదే ఉండాలి. ఒకరి ఉమ్మి తుంపర్లున్న స్పాంజ్ ఇంకొకరు నోటి దగ్గర పెట్టుకోవడం బాగోదు. అదీ కుదరకపోతే కనీసం స్పాంజ్ అయినా మార్చుకోండి, అవి చవక.

మ్యూట్ మీట వేలికి అందేలా ఉందో లేదో కూడా చూసుకోండి. ఒకసారి మంచినీళ్ల విరామంలో బయటికి వచ్చి మా అత్తగారితో ఫోన్‌లో పప్పుచారులో చింతపండు ఎంత వేయాలో వాదించాను. లోపల బ్యాచ్ మొత్తం విన్నది. తీర్పు అత్తగారికే ఇచ్చారు.

గేటెడ్ కమ్యూనిటీల్లో లాన్ మీద పొద్దున్నే క్లాసు పెట్టేవాళ్లు ఎంత మంచి మైకు కొన్నా రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే అది ఉంది. అయిదున్నర బ్యాచ్‌కి అరగంట సైగలే.

కొట్టుకి వెళ్లినప్పుడు సెట్టు ధర కంటే ముందు విడి హెడ్‌సెట్ ధర, అది స్టాకులో ఉందా లేదా అడగండి. ‘తెప్పిస్తాం మేడం’ అంటే లేనట్టే లెక్క. తడి వల్ల పాడైతే వారంటీ వర్తిస్తుందా అని కూడా అడగండి, చాలావాటికి వర్తించదు. చివరగా బిల్లు మీద హెడ్‌సెట్ మోడల్ నంబరు, పిన్ను రకం సెట్టుతో కలపకుండా విడిగా రాయించుకోండి. ఎనిమిది నెలలకో ఏడాదికో అదే కౌంటర్ ముందు నిలబడి మీరు అడగాల్సింది ఆ నంబరే.